చివర స్లాష్ పెట్టాలా, వద్దా? కమాండ్ లైన్‌లో డైరెక్టరీ పాత్‌ల తిరకాసులు

`ఫోటోలు` అని రాసినా, `ఫోటోలు/` అని రాసినా ఒకే డైరెక్టరీ కదా అనిపిస్తుంది. ఫైళ్ల లిస్టు చూపే ఎల్ఎస్‌కి ఒకటే. ఫైళ్లను సింక్ చేసే ఆర్‌సింక్‌కి కాదు. కాపీ చేసే సీపీ సంగతి మరీ విచిత్రం: లైనక్స్‌లో రెండూ ఒకటే, మ్యాక్‌లో వేర్వేరు. ఎక్కడా ఎర్రర్ రాదు, కమాండ్ హాయిగా నడిచిపోతుంది. ఫైళ్లు మాత్రం అనుకున్న చోట ఉండవు.

దీనికి కారణం ఒకటే. మీరు టైప్ చేసిన పాత్ డిస్క్ చేరేలోగా మూడు చేతులు మారుతుంది. ముందు షెల్ (మీరు కొట్టే కమాండ్లను చదివే ప్రోగ్రామ్) దాన్ని తనకు నచ్చినట్టు విప్పుతుంది. తర్వాత టూల్ తన సొంత రూల్స్ ప్రకారం చదువుతుంది. చివరికి కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆ పేరు పట్టుకుని వెతుకుతుంది. ఏదైనా తేడా కొట్టినప్పుడు "ఇది ఎవరి పని?" అని అడగడం అలవాటైతే సగం తిరకాసులు అక్కడే విడిపోతాయి. ఈ గైడ్ అంతా ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది.

ఒక మాట. కమాండ్లను పలికే తీరులో తెలుగులోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఎప్పటిలాగే ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టండి. డైరెక్టరీల పేర్లు తెలుగులో పెట్టినా లైనక్స్‌కి, మ్యాక్‌కి ఇబ్బంది లేదు. వాటిలో ఉన్న తిరకాసు కూడా కిందకి వచ్చాక చూద్దాం.

## మెట్టు 1: ముందు ఒక గోదా

అసలు ఫైళ్ల మీద ప్రయోగాలు వద్దు. ఖాళీ డైరెక్టరీ ఒకటి చేసుకుని అందులోనే కుస్తీ పట్టండి.

`ఎంకేడిర్ -పీ గోదా/ఫోటోలు`
`సీడీ గోదా`
`టచ్ ఫోటోలు/ఒకటి ఫోటోలు/రెండు ఫోటోలు/.గుట్టు`

మూడో ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది. కావాలనే పెట్టాం, తర్వాతి మెట్టులోనే పనికొస్తుంది.

## మెట్టు 2: షెల్ ఏం అందిస్తోందో చూడండి

ఏ కమాండ్ మీదైనా అనుమానం వస్తే దాని ముందు ఎకో తగిలించి కొట్టండి. షెల్ అన్నీ విప్పాక టూల్‌కి ఏం చేరుతుందో కనిపిస్తుంది.

`ఎకో సీపీ -ఆర్ ఫోటోలు/* కొత్తవి/`

తెర మీద `ఫోటోలు/ఒకటి`, `ఫోటోలు/రెండు` వస్తాయి. `.గుట్టు` రాదు. స్టార్‌ని విప్పేది సీపీ కాదు, షెల్. చుక్కతో మొదలయ్యే పేర్లను అది వదిలేస్తుంది. స్టార్ పెట్టి ప్రాజెక్ట్ మొత్తం కాపీ చేసి, తర్వాత గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) హిస్టరీ ఏమైందని వెతుక్కునేవాళ్ల సమస్య ఇదే: ఆ హిస్టరీ ఉండే డైరెక్టరీ పేరు చుక్కతోనే మొదలవుతుంది. డైరెక్టరీలో ఉన్నదంతా కావాలంటే స్టార్ బదులు చుక్క పెట్టండి:

`సీపీ -ఆర్ ఫోటోలు/. కొత్తవి/`

కొత్తవి అనే డైరెక్టరీ ముందే ఉండాలి. చుక్క పేర్లను పట్టడానికి కొందరు `.*` వాడతారు. లైనక్స్‌లో ఎక్కువగా వాడే షెల్ బ్యాష్. దాని పాత వెర్షన్లలో ఆ ప్యాటర్న్‌కి `.`, `..` కూడా తగులుతాయి. అంటే పై డైరెక్టరీ కూడా లిస్టులోకి వచ్చేస్తుంది. 2022లో వచ్చిన బ్యాష్ 5.2 నుంచి ఈ రెండింటినీ డిఫాల్ట్‌గానే వదిలేస్తోంది. అయినా మీ స్క్రిప్ట్ ఏ సర్వర్‌లో ఏ బ్యాష్ కింద నడుస్తుందో ఎవరికి తెలుసు? `.*` అలవాటు మానుకోవడమే మంచిది.

స్టార్‌కి ఏ పేరూ తగలకపోతే బ్యాష్ ఆ స్టార్‌నే అక్షరంలా టూల్ చేతిలో పెడుతుంది. ఇంకో షెల్ జెడ్‌షెల్ అయితే మ్యాచ్ దొరకలేదని కమాండ్‌నే ఆపేస్తుంది. నాకు జెడ్‌షెల్ పద్ధతే నచ్చుతుంది.

ఇక `~`. దీన్ని హోమ్ డైరెక్టరీగా మార్చేది కూడా షెల్లే, అదీ పదం మొదట్లో, కోట్స్ బయట ఉంటేనే. కోట్స్ లోపల పెట్టి `ఎంకేడిర్ -పీ "~/పని"` అని కొట్టారనుకోండి, ఉన్నచోటే `~` అనే పేరుతో నిజంగా ఒక డైరెక్టరీ పుడుతుంది. అసలు ప్రమాదం ఇక్కడ కాదు, దాన్ని తీసేయాలనుకున్నప్పుడు. `ఆర్ఎం -ఆర్ఎఫ్ ~` అని కొడితే పోయేది ఆ చిన్న డైరెక్టరీ కాదు, మీ హోమ్ మొత్తం. సరైన దారి:

`ఆర్ఎం -ఆర్ ./~`

ముందు `./` ఉంటే `~` పదం మొదట్లో ఉండదు కాబట్టి షెల్ ముట్టుకోదు. కాన్ఫిగరేషన్ ఫైళ్లలో రాసిన `~` పని చేయకపోవడానికి కారణం కూడా ఇదే. ఆ ఫైలును చదివేది షెల్ కాదు. చదివే ప్రోగ్రామ్ తనంతట తాను `~` ని విప్పితే సరి, లేదంటే లేదు.

## మెట్టు 3: చివరి స్లాష్

కెర్నల్ దృష్టిలో చివరి స్లాష్‌కి అర్థం సూటిగా ఉంటుంది: "ఇది డైరెక్టరీయే అయి ఉండాలి, సిమ్‌లింక్ (ఇంకో చోటిని చూపించే లింక్) అయితే అది చూపించే చోటికి వెళ్లు." యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ చెప్పేదీ ఇదే. టూల్స్ దీనికి తమ సొంత అర్థాలు జోడించుకోవడంతోనే చిక్కంతా.

ముందు సీపీ. గోదాలో ఈ కమాండ్‌ని రెండుసార్లు కొట్టండి:

`సీపీ -ఆర్ ఫోటోలు బ్యాకప్`

మొదటిసారి బ్యాకప్ అనే డైరెక్టరీ లేదు. అందుకని ఫోటోలు కాపీయే బ్యాకప్ అనే పేరుతో తయారవుతుంది. లోపల `బ్యాకప్/ఒకటి` ఉంటుంది. రెండోసారికి బ్యాకప్ ఉంది. ఇప్పుడు సీపీ దాని *లోపల* పెడుతుంది: `బ్యాకప్/ఫోటోలు/ఒకటి`. మూడోసారి నుంచి ఆ లోపలి కాపీనే తిరగరాస్తూ పోతుంది. ఇదే కమాండ్ రోజూ రాత్రి క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపే టూల్) నడుస్తోందనుకోండి. పైనున్న ఫైళ్లు మొదటి రోజు నాటివి, లోపలివి నిన్నటివి. అవసరం పడి బ్యాకప్ తెరిచినవాళ్లకు ముందు కనిపించేవి ఆ పాతవే. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా ఉండదు.

ఇలా కాకుండా ఉండాలంటే గమ్యాన్ని ముందే `ఎంకేడిర్ -పీ బ్యాకప్` తో తయారు చేసి `సీపీ -ఆర్ ఫోటోలు/. బ్యాకప్/` అని రాయండి. ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం. లైనక్స్‌లో ఉండే జీఎన్‌యూ సీపీకి క్యాపిటల్ టీ ఆప్షన్ ఉంది. గమ్యం డైరెక్టరీ అయినా దాని లోపలికి దూరవద్దని చెప్పడం దాని పని. మ్యాక్‌లో మాత్రం `సీపీ -ఆర్ ఫోటోలు/ బ్యాకప్` (అక్కడ ఆర్ క్యాపిటల్) అంటే ఫోటోలు లోపలివి మాత్రమే వెళ్తాయి. జీఎన్‌యూ సీపీ సోర్స్ చివరి స్లాష్‌ని పట్టించుకోదు. రెండు చోట్లా నడవాల్సిన స్క్రిప్ట్‌కి `/.` పద్ధతే క్షేమం.

ఆర్‌సింక్‌లో రూల్ స్పష్టంగానే ఉంది. సోర్స్ చివర స్లాష్ ఉంటే లోపలివి, లేకపోతే డైరెక్టరీతో సహా. గమ్యం డైరెక్టరీ అయినప్పుడు దాని చివర స్లాష్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంత తేలికైన రూల్ ఎందుకు ఇంతమందిని ముంచుతుందంటే, `--డిలీట్` వల్ల.

`ఆర్‌సింక్ -ఏ --డిలీట్ ఫోటోలు నిల్వ/`
`ఆర్‌సింక్ -ఏ --డిలీట్ ఫోటోలు/ నిల్వ/`

మొదటి దానిలో డిలీట్ ప్రభావం `నిల్వ/ఫోటోలు` వరకే. రెండో దానిలో నిల్వ మొత్తాన్నీ ఫోటోలు డైరెక్టరీకి నకలుగా మార్చమని అర్థం. నిల్వలో పాటలు, పత్రాలు, ఇంకేమున్నా "సోర్స్‌లో లేవు కదా" అని తుడిచేస్తుంది. తేడా ఒక్క అక్షరం.

ఆ అక్షరాన్ని పెట్టేది చాలాసార్లు మీరు కాదు, ట్యాబ్ కీ! బ్యాష్‌లో డైరెక్టరీ పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే చివర స్లాష్ చేరి, అక్కడే ఉండిపోతుంది. జెడ్‌షెల్‌లోనూ స్లాష్ చేరుతుంది కానీ, తర్వాత స్పేస్ కొట్టగానే డిఫాల్ట్‌గా మాయమవుతుంది. 2019లో వచ్చిన క్యాటలీనా నుంచి మ్యాక్‌లో డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్లే. అంటే అవే కీలు, అదే వరుసలో మ్యాక్‌లో నొక్కితే ఒక ఫలితం, లైనక్స్ సర్వర్‌లో నొక్కితే ఇంకో ఫలితం. "నిన్న నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడిచిందే" అనే టెన్షన్ వెనక ఇలాంటిది ఉండొచ్చు.

అందుకే `--డిలీట్` ఉన్న ఆర్‌సింక్‌ని ముందు ఒకసారి `-ఎన్`, `-ఐ` కలిపి నడపండి. ఏదీ మారదు, ఏం జరగబోతుందో లిస్టు వస్తుంది. పోబోయే ప్రతి ఫైలు ముందూ స్టార్‌తో "డిలీటింగ్" అని ఉంటుంది. ఆ లైన్లు చదివాకే `-ఎన్` తీసేయండి.

ఫైళ్లను తరలించే ఎంవీ దగ్గర స్లాష్ మీ పక్షాన పని చేస్తుంది. `ఎంవీ ఒకటి పాతవి` అన్నప్పుడు పాతవి అనే డైరెక్టరీ ఉంటే ఫైలు లోపలికి వెళ్తుంది, లేకపోతే ఫైలు పేరే పాతవిగా మారుతుంది. లూప్‌లో వంద ఫైళ్లను ఒక్కొక్కటిగా ఇలా తరలిస్తే, పాతవి లేనప్పుడు ప్రతి ఫైలూ ముందుదాన్ని చెరిపేస్తూ పోతుంది. చివరికి మిగిలేది ఒక్క ఫైలు. `పాతవి/` అని రాసి ఉంటే ప్రతి ఫైలు దగ్గరా "నాట్ ఎ డైరెక్టరీ" అని ఆగిపోయేది. కాబట్టి ఎంవీలో గమ్యం డైరెక్టరీ అయితే స్లాష్ తప్పనిసరి అనుకోండి.

## మెట్టు 4: సిమ్‌లింక్‌లు ఎదురైతే

`ఎల్ఎన్ -ఎస్ ఫోటోలు లంకె`

ఇప్పుడు `ఫైండ్ లంకె` కొడితే ఒక్క లైనే వస్తుంది. ఫైళ్లను వెతికే ఫైండ్ డిఫాల్ట్‌గా సిమ్‌లింక్‌ల వెంట పోదు. `ఫైండ్ లంకె/` కొడితే లోపలివన్నీ వస్తాయి. `ఎల్ఎస్ -ఎల్`, సైజు చెప్పే `డీయూ` కూడా ఇదే తీరు. "డిస్క్ నిండిపోయింది కానీ డీయూ సున్నా చూపిస్తోంది" అనుకునే ముందు, అడిగినది సిమ్‌లింక్ గురించేమో చూసుకోండి.

చూడటం వరకైతే నష్టం లేదు. తీసేయడం దగ్గరే జాగ్రత్త. `ఆర్ఎం లంకె` లింక్‌ని మాత్రమే తీస్తుంది. `ఆర్ఎం -ఆర్ఎఫ్ లంకె/` అంటే స్లాష్ వల్ల అవతలి డైరెక్టరీలోకి దిగి అక్కడి అసలు ఫైళ్లను తుడిచేస్తుంది. చివరికి లింక్‌ని తీయలేక "నాట్ ఎ డైరెక్టరీ" అని గొణుగుతుంది. ఇక్కడా ట్యాబ్ పాత్ర ఉంది. బ్యాష్ సిమ్‌లింక్ పేరుకి మొదటి ట్యాబ్‌లో స్లాష్ పెట్టదు, రెండో ట్యాబ్‌లో పెడుతుంది. రెండుసార్లు నొక్కే చేతివాటం ఉన్నవాళ్లు గమనించుకోవాలి. లింక్ తీయడానికి `-ఆర్` అక్కర్లేదు. అసలు వాడకపోతే ఈ ప్రమాదమే లేదు.

సర్వర్లలో కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు `ప్రస్తుతం` అనే లింక్‌ని `వెర్షన్1` నుంచి `వెర్షన్2` కి తిప్పడం మామూలే. `ఎల్ఎన్ -ఎస్ఎఫ్ వెర్షన్2 ప్రస్తుతం` అని కొడితే పని అయినట్టే కనిపిస్తుంది, కానీ సైట్ పాత వెర్షన్‌లోనే ఉంటుంది. ఎల్ఎన్ ఆ లింక్ వెంట వెర్షన్1 లోపలికి వెళ్లి, కొత్త లింక్‌ని అక్కడ పెట్టేసింది మరి. `-ఎస్ఎఫ్ఎన్` అని ఒక ఎన్ కలిపితే ప్రస్తుతాన్ని డైరెక్టరీగా కాక లింక్‌గానే చూస్తుంది.

సిమ్‌లింక్‌లో దాచుకునేది ఉత్త టెక్స్ట్ మాత్రమే. రిలేటివ్ పాత్ (స్లాష్‌తో మొదలవని పాత్) ఇస్తే దాన్ని లింక్ ఉన్న చోటు నుంచి లెక్కిస్తారు, మీరు కమాండ్ కొట్టిన చోటు నుంచి కాదు. జీఎన్‌యూ ఎల్ఎన్‌లో `-ఎస్ఆర్` అంటే ఆ లెక్క అదే వేసుకుంటుంది.

గిట్ వాడేవాళ్లకు ఇంకొకటి: ఇగ్నోర్ ఫైల్‌లో `బిల్డ్/` అని రాస్తే డైరెక్టరీలకే వర్తిస్తుంది. బిల్డ్ అనేది సిమ్‌లింక్ అయితే గిట్ దాన్ని ట్రాక్ చేయడానికి సిద్ధంగా కూర్చుంటుంది. స్లాష్ తీసేస్తే రెండూ కవర్ అవుతాయి.

## మెట్టు 5: ఇంతకీ ఎక్కడున్నారు?

గోదాలో ఉండి ఇవి కొట్టండి:

`ఎంకేడిర్ -పీ దూరం/లోపల`
`ఎల్ఎన్ -ఎస్ దూరం/లోపల దగ్గర`
`సీడీ దగ్గర`
`ఎల్ఎస్ ..`

`లోపల` అని వస్తుంది. అంటే `..` అంటే దూరం అన్నమాట. ఇప్పుడు `సీడీ ..` కొట్టి `పీడబ్ల్యూడీ` చూడండి. గోదాలో ఉంటారు! ఒకే `..` కి రెండు అర్థాలు. సీడీ అనేది షెల్ సొంత కమాండ్. మీరు వచ్చిన దారిని అది టెక్స్ట్‌గా గుర్తుపెట్టుకుని, `..` అనగానే చివరి ముక్క కత్తిరిస్తుంది. ఎల్ఎస్‌కి ఆ దారి తెలియదు. కెర్నల్‌ని అడిగితే అది అసలు పేరెంట్‌ని చూపిస్తుంది. సిమ్‌లింక్ లోపల నిలబడి `సీపీ ఫైలు ..` కొట్టి, `సీడీ ..` చేసి ఆ ఫైలు కోసం వెతికితే దొరకకపోవడం ఇందుకే. అసలు చోటు కావాలంటే `పీడబ్ల్యూడీ -పీ`, వెళ్లేటప్పుడే కావాలంటే `సీడీ -పీ` (రెండింటిలోనూ పీ క్యాపిటల్).

ఇంకో టెర్మినల్‌లో ఎవరో డైరెక్టరీని తీసేసి అదే పేరుతో మళ్లీ చేస్తే, మీ షెల్ ఇంకా పోయిన డైరెక్టరీలోనే ఉంటుంది. ప్రాంప్ట్‌లో పాత్ సరిగ్గానే ఉంటుంది, ఎల్ఎస్ మాత్రం ఖాళీ. పూర్తి పాత్ ఇచ్చి మళ్లీ సీడీ చేస్తే సరిపోతుంది.

సీడీపాత్ (సీడీ ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) సెట్ చేసుకున్నవాళ్లకు `సీడీ టెస్ట్` అన్నప్పుడు ఉన్నచోటి టెస్ట్ కాకుండా ఇంకెక్కడిదో తగలొచ్చు. పైగా సీడీ ఆ పాత్‌ని తెర మీద ప్రింట్ చేస్తుంది, దాంతో సీడీ అవుట్‌పుట్‌ని పట్టుకునే స్క్రిప్ట్‌లు చెడతాయి. `సీడీ ./టెస్ట్` అంటే ఆ గొడవ లేదు.

## మెట్టు 6: పేర్లలోనే పేచీ ఉంటే

హైఫన్‌తో మొదలయ్యే పేరును టూల్ ఆప్షన్ అనుకుంటుంది. ముందు `./` పెట్టండి. పేరులో కోలన్ ఉంటే ఆర్‌సింక్, ఎస్‌సీపీ దాని ముందున్నదాన్ని సర్వర్ పేరు అనుకుని కనెక్ట్ అవబోతాయి. దానికీ `./` మందే. స్పేస్‌లు ఉంటే కోట్స్. ఫైండ్ నుంచి ఎక్స్‌ఆర్గ్స్‌కి (వచ్చిన పేర్లతో ఇంకో కమాండ్ నడిపే టూల్) పంపేటప్పుడు `-ప్రింట్0`, `-0` జోడీ వాడండి. 2024 పోసిక్స్ ప్రమాణంలోకి కూడా ఇవి వచ్చేశాయి.

తెలుగు పేర్ల సంగతి కొంచెం లోతు. లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లలో ఎక్కువగా ఒక పేరుకి 255 బైట్ల పరిమితి ఉంటుంది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌కి 3 బైట్లు, అంటే 85 కోడ్‌లు. ఇవి మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. "స్త్రీ" చూడటానికి ఒక్క అక్షరమే అయినా అందులో 6 కోడ్‌లు, 18 బైట్లు. పొడవాటి వ్యాసం శీర్షికనే ఫైలు పేరుగా పెట్టబోతే "ఫైల్ నేమ్ టూ లాంగ్" రావడానికి ఎంతో సేపు పట్టదు.

ఇంకా చిత్రం ఐత్వం. "ఫైళ్లు" లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం కింద ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లను విడగొట్టి రెండో రూపంలో దాస్తుంది. లైనక్స్ ఇచ్చిన బైట్లను ఇచ్చినట్టే ఉంచుతుంది. అలాంటి పాత డిస్క్ నుంచి లైనక్స్‌కి సింక్ చేస్తే "ఫైళ్లు" అనే డైరెక్టరీలు రెండు పక్కపక్కనే కనిపించొచ్చు. ఆర్‌సింక్‌లో `--ఐకాన్వ్` ఆప్షన్ ఈ తేడాని సర్దుతుంది. ఇప్పటికే రెండయిపోతే కన్వ్‌ఎంవీ అనే టూల్‌తో పేర్లను ఒక రూపానికి తేవచ్చు.

పదాల మధ్య పొల్లు కోసం కీబోర్డులు చొప్పించే కనిపించని నాన్-జాయినర్ గుర్తు కూడా ఇంతే. అది ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. ఇలాంటి పేర్లను చేత్తో టైప్ చేయకుండా ట్యాబ్‌తో నింపుకోవడమే సుఖం.

## మెట్టు 7: స్క్రిప్ట్‌లో పెట్టేముందు

వేరియబుల్ ఖాళీ అయితే ఏమవుతుందో ఆలోచించకుండా పాత్ రాయకండి. కోట్స్ లేని ఖాళీ వేరియబుల్‌తో సీడీ చేస్తే అది ఉత్త `సీడీ` అయిపోయి హోమ్‌కి తీసుకుపోతుంది. తర్వాతి లైన్‌లో `ఆర్ఎం -ఆర్ఎఫ్ *` ఉంటే ఇక చెప్పేదేముంది.

2015 జనవరిలో లైనక్స్ స్టీమ్ (గేమ్‌ల స్టోర్) క్లయింట్‌లో బయటపడ్డ బగ్ ఈ జాతిదే. స్టార్టప్ స్క్రిప్ట్ తన డైరెక్టరీ ఏదో సీడీ చేసి కనుక్కుని వేరియబుల్‌లో పెట్టుకునేది. ఆ సీడీ విఫలమైతే వేరియబుల్ ఖాళీ. తర్వాత ఆ వేరియబుల్ పక్కన స్లాష్, స్టార్ పెట్టి `ఆర్ఎం -ఆర్ఎఫ్` నడిపేది. ఖాళీ పక్కన స్లాష్ స్టార్ అంటే రూట్ నుంచి అన్నీ. ఆ లైన్ దగ్గర రాసినవాళ్లే "స్కేరీ!" అని కామెంట్ పెట్టుకున్నారు కూడా. జీఎన్‌యూ ఆర్ఎం `/` ని తీయనంటుంది కానీ, `/*` ని షెల్ ముందే విప్పేస్తుంది కాబట్టి ఆ కాపలా ఇక్కడ పనిచేయదు.

మందు రెండు ముక్కలు. సీడీ తర్వాత ఎప్పుడూ `|| ఎగ్జిట్` ఉంచండి. ఆర్ఎంకి ఇచ్చే వేరియబుల్‌ని బ్రేస్‌లలో పెట్టి పేరు పక్కన `:?` చేర్చండి. ఖాళీ అయితే స్క్రిప్ట్ అక్కడే ఆగుతుంది.

పాత్ చివరి పేరు తీసేటప్పుడు కూడా స్లాష్ అడ్డొస్తుంది. `/పని/ఫోటోలు/` ఇస్తే బేస్‌నేమ్ కమాండ్ `ఫోటోలు` అంటుంది. షెల్‌లో `##*/` తో కత్తిరిస్తే ఖాళీ వస్తుంది, పైథాన్ ఓఎస్ పాత్ బేస్‌నేమ్ కూడా ఖాళీయే ఇస్తుంది. పైథాన్ పాత్ జాయిన్‌కి రెండో ముక్క స్లాష్‌తో మొదలైతే మొదటి ముక్కని పూర్తిగా పారేస్తుంది. యూజర్ ఇచ్చిన పేరును నమ్మి జాయిన్ చేసే కోడ్‌లో ఇది సెక్యూరిటీ రంధ్రమే.

## మెట్టు 8: విండోస్‌లో అయితే

విండోస్ కమాండ్ ప్రాంప్ట్ అయిన సీఎండీలో ప్రతి డ్రైవ్‌కీ దాని సొంత కరెంట్ డైరెక్టరీ ఉంటుంది. `సీడీ డీ:\పని` కొడితే డీ డ్రైవ్‌లో చోటు మారుతుంది, మీరు మాత్రం సీలోనే ఉంటారు. `సీడీ /డీ డీ:\పని` అనాలి. అలాగే `సీ:ఫోటోలు`, `సీ:\ఫోటోలు` వేర్వేరు. మొదటిది సీ డ్రైవ్‌లో మీరు చివరగా ఉన్న చోటు నుంచి లెక్క.

ఎక్స్‌కాపీకి లేని గమ్యం ఇస్తే అది ఫైలా, డైరెక్టరీయా అని ఆగి అడుగుతుంది. చివర బ్యాక్‌స్లాష్ పెడితే డైరెక్టరీ అనే అనుకుని ముందుకెళ్తుంది. రోబోకాపీలో అదే బ్యాక్‌స్లాష్ కొంప ముంచుతుంది. `"డీ:\నా ఫోటోలు\"` అని కోట్స్‌లో రాస్తే చివరి బ్యాక్‌స్లాష్ కోట్‌ని మింగేస్తుంది, తర్వాతి ఆర్గ్యుమెంట్లన్నీ ఆ పాత్‌లోకే కలిసిపోతాయి. బ్యాక్‌స్లాష్ తీసేయండి. డ్రైవ్ రూట్‌నే కోట్స్‌లో ఇవ్వాల్సి వస్తే దాన్ని రెండుసార్లు కొట్టండి: `"డీ:\\"`.